మొక్కల ఆత్మరక్షణ – అక్షాంశ సిద్ధాంతము: ఒక విమర్శ

నంద్యాల ప్రాంతమున జొన్న పండించు రైతునకు 'నాము' అను మాట క్రొత్తది కాదు. మోకాలెత్తు కూడ ఎదగని లేత జొన్నను గాని, కోసిన మోడునుండి వచ్చిన పిలకలను గాని ఆకలిగొన్న పశువు మేసినచో, కొద్దిసేపటిలోనే అది రొప్పుచు, వణకుచు నేలకొరగును. వెంటనే చికిత్స జరుగనిచో ప్రాణము దక్కుట కష్టము. అదే చేలో జొన్న పూతకు వచ్చి, కంకి గట్టిపడిన పిమ్మట కోసి వేసినచో అదే పశువు నిర్భయముగ తిని పాలిచ్చును. పొలము మారలేదు. విత్తనము మారలేదు. ఎండ, గాలి ఇంచుమించుగ అవియే. ముఖ్యముగ మారినది మొక్క వయస్సు.

మొక్కలు తమను తినవచ్చు జంతువులనుండి, పురుగులనుండి ఎట్లు కాచుకొనునో వివరించునప్పుడు జీవశాస్త్ర గ్రంథములలో తరచుగ కనబడు సూత్రము మరియొకటి కలదు. ఉష్ణమండలమున మంచుకాలపు విరామము లేదు. పురుగులు ఏడాది పొడవునను పెరుగుచుండును. కనుక అచ్చటి మొక్కలకు విషములు, ముండ్లు, బిరుసైన ఆకులు ఎక్కువ. భూమధ్యరేఖనుండి ధ్రువములవైపు పోయిన కొలది పురుగుల బెడద తగ్గును. దానితోపాటు మొక్కల కవచమును పలుచబడును. ఇదియే అక్షాంశ సిద్ధాంతము. చెప్పుటకు సులభము, గుర్తుంచుకొనుటకు ఇంకను సులభము. పరీక్షలో రెండు వాక్యములలో వ్రాయవచ్చును. అయితే అది ఎంతవరకు సత్యము? నంద్యాల జొన్నచేనిలో కొద్ది వారములలో కనబడు మార్పును ఈ సూత్రము వివరింపగలదా? ఈ రెండు ప్రశ్నలను విచారించుట అవసరము.

సిద్ధాంతమునకు గల బలము

విమర్శకు ముందు సిద్ధాంతమునకు గల బలమును ఒప్పుకొనుట న్యాయము. మొక్కలలోని ఆల్కలాయిడ్లు, టానిన్లు మున్నగు పదార్థములను ఒకప్పుడు మొక్క పారవేయలేక నిలువజేసికొన్న వ్యర్థములని పలువురు తలచుచుండిరి. 1959లో ఫ్రాంకెల్ అను కీటకశాస్త్రజ్ఞుడు, అవి వ్యర్థములు కావనియు, పురుగులకు వ్యతిరేకముగ మొక్క ధరించిన ఆయుధములనియు వాదించెను. 1964లో ఎర్లిక్, రేవెన్ అను ఇరువురు సీతాకోకచిలుకలు ఏయే మొక్కల కుటుంబములను తినునో పరిశీలించి, మొక్కల విషములును, వానిని జయించు పురుగుల శక్తియు ఒకదానితో నొకటి పోటీపడుచు వృద్ధిచెందినవని చూపిరి. అంతకు పూర్వమే, 1950లో, జన్యుశాస్త్రవేత్త డోబ్జాన్‌స్కీ ఉష్ణమండలములో జీవులకు చలికంటెను, వానకంటెను ఇతర జీవులతోడి పోరాటమే ముఖ్యమని వ్రాసియుండెను. ఈ భావములన్నియు కలిసి అక్షాంశ సిద్ధాంతమునకు పునాది వేసినవి.

అంకెలు కూడ దీనికి తోడ్పడినవి. 1996లో ఫిల్లిస్ కోలీ, బరోన్ అనువారు అప్పటివరకు వెలువడిన కొలతలను సమీకరించిరి. ఆ లెక్కల ప్రకారము సమశీతోష్ణ మండలపు అడవులలో ఏడాదికి ఆకుల వైశాల్యములో నూటికి 7.1 వంతు పురుగులు, జంతువుల పాలగుచున్నది. ఉష్ణమండలపు పొడి అడవులలో ఇది 14.2. ఉష్ణమండలపు తడి అడవులలో, నీడలో మెల్లగ పెరుగు చెట్లకు 11.1. ఆల్కలాయిడ్లు, టానిన్లు కూడ ఉష్ణమండలపు చెట్లలో ఎక్కువయని వారు కనుగొనిరి. ఇంతవరకు చూచినచో సిద్ధాంతము నిలబడినట్లే తోచును.

కాని అదే పట్టికలో నాల్గవ అంకె ఒకటి కలదు. తడి అడవులలోనే పెద్దచెట్టు కూలినచోట, ఎండ తగులు ఖాళీలలో వేగముగ పెరుగు చెట్ల విషయములో ఈ నష్టము నూటికి 48 వంతులు! ఒకే అడవి, ఒకే అక్షాంశము, ఒకే వాన. ఒక చెట్టునకు నష్టము 11, పక్కనున్న వేరొక చెట్టునకు 48. చల్లని దేశమునకును, వేడి దేశమునకును నడుమనున్న భేదము 7కును 11కును గల భేదమైనచో, ఒకే అడవిలోని రెండు జీవన విధానముల నడుమ భేదము దానికి ఎన్నో రెట్లు. అక్షాంశ సిద్ధాంతమునకు సాక్ష్యముగ తెచ్చిన పట్టికయే, అంతకంటె ముఖ్యమైన వేరొక కారణమున్నదని సాక్ష్యము చెప్పుచున్నది. ఈ నాల్గవ అంకెను విడిచి మొదటి మూడింటినే విద్యార్థికి చెప్పుట సగము లెక్క చెప్పుటయే.

లెక్కలు తిరుగబడిన విధము

పాత కొలతలలో మరియొక లోపము కలదు. ఒక్కొక్క పరిశోధకుడు ఒక్కొక్క పద్ధతిలో కొలిచెను. ఒకరు రాలిన ఆకులను ఏరి రంధ్రములను లెక్కించిరి. ఒకరు చెట్టుననే ఆకులకు గుర్తులు పెట్టి నెలల తరబడి గమనించిరి. పూర్తిగ తినివేయబడిన ఆకు రాలిన ఆకుల కుప్పలో కనబడదు కదా! అట్టి ఆకును లెక్కింపని పద్ధతిలో నష్టము ఎప్పుడును తక్కువగనే తేలును. వేర్వేరు గజములతో కొలిచిన బట్టలను పోల్చినట్లు, ఈ అంకెలను పోల్చుట ప్రమాదకరము.

ఈ లోపమును తొలగించుటకై ఏంజెలా మోల్స్, ఆమె సహచరులు ఒకే పద్ధతిలో ప్రపంచమంతట కొలతలు తీసికొనిరి. 75 చోట్ల 301 జాతుల మొక్కలను పరిశీలించి 2011లో ఫలితములను ప్రకటించిరి. అవి చాలమందిని ఆశ్చర్యపరచినవి. టానిన్లు, ఆకులలోని నూనె, మైనము, జిగురు వంటి పదార్థములు, ఆకు బిరుసుదనము మున్నగు ఆరు లక్షణములు ఉష్ణమండలములో కాక, భూమధ్యరేఖకు దూరముగనున్న దేశపు మొక్కలలోనే ఎక్కువగ నుండెను. సయనైడు పుట్టించు శక్తి, ముండ్లు కలిగియుండుట మున్నగు మరి ఆరు లక్షణములకు అక్షాంశముతో ఏ సంబంధమును కానరాలేదు. సిద్ధాంతము చెప్పినట్లు ఉష్ణమండలములో ఎక్కువగ నున్నవి రెండు మాత్రమే: ఆకును కాల్చగ మిగులు బూడిద భాగము ఒకటి, లేత చిగుళ్లు ఆలస్యముగ పచ్చబడు జాతుల సంఖ్య రెండవది. మామిడి ఎర్రని చిగురును చూచినవారికి ఈ రెండవ లక్షణము సులభముగ బోధపడును.

సయనైడునకు, ముండ్లకు అక్షాంశముతో సంబంధము లేదను మాట నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతపు పాఠకులు ప్రత్యేకముగ గమనింపదగినది. ఒకటి వారి జొన్నచేనిలో నున్నది. రెండవది వారి కొండ వాలున నున్నది. ఈ రెండును వేడి దేశపు గుర్తులని చెప్పుట అలవాటు. ప్రపంచమంతట ఒకే కొలబద్దతో కొలిచినప్పుడు ఆ అలవాటునకు ఆధారము దొరకలేదు.

అయితే మోల్స్ కొలతలతో వ్యాజ్యము ముగిసినదనుటయు తొందరపాటే. తడి అడవులలో నీడలో పెరుగు చెట్ల ఆకులకు జీవితకాలమున కలుగు నష్టములో నూటికి 70 వంతులకు పైగ చిగురు దశలోనే జరుగునని కోలీ, బరోన్ చూపియుండిరి. చిగురు దశ కొద్ది దినములే. ఆ దినములలోని రక్షణను కొలువక ముదురాకును మాత్రమే కొలిచినచో, యుద్ధము ముగిసిన పిమ్మట కోటను పరీక్షించినట్లగును. కనుక సిద్ధాంతమును సమర్థించువారైనను, ఖండించువారైనను ముందుగ సమాధానము చెప్పవలసిన ప్రశ్న ఒకటి కలదు: కొలిచిన ఆకు వయస్సెంత?

2023లో అనేక దేశముల శాస్త్రజ్ఞులు కలిసి 503 జాతులను 790 చోట్ల పరిశీలించి ప్రకటించిన ఫలితము ఈ ప్రశ్నను మరియొక వైపు త్రిప్పినది. వారు సగటు నష్టముతో తృప్తిపడక, ఒకేచోట పెరుగు ఒకే జాతి మొక్కలలో ఒకదానికిని మరియొకదానికిని నష్టము ఎంత భేదించునో చూచిరి. భూమధ్యరేఖకు దూరమైన కొలది ఈ భేదము పెరిగినది. మొక్క పరిమాణము పెద్దదైన కొలది తగ్గినది. అనగా చల్లని దేశములో ఒక మొక్క పూర్తిగ చిల్లులుపడి, పక్క మొక్క చెక్కుచెదరకుండుట ఎక్కువ. వేడి దేశములో నష్టము అందరికిని కొంత సమముగ పంచబడును. అక్షాంశమునకు ప్రభావము లేదనుట కాదు. అది 'ఎక్కువ, తక్కువ' అను తిన్నని మెట్లవలె పనిచేయుట లేదు. మొక్క పరిమాణము, వంశము కూడ దానితో కలిసి పనిచేయుచున్నవి.

నంద్యాలనుండి అహోబిలము వరకు

నంద్యాలకును ఆళ్ళగడ్డకును దూరము సుమారు 40 కిలోమీటర్లు. రెండింటి అక్షాంశముల భేదము అర డిగ్రీకి లోపే. అక్షాంశ సిద్ధాంతము దృష్టిలో ఈ రెండు ఊళ్లును ఒక్కటే. కాని కుందూ నది ఒడ్డునగల నల్లరేగడి పొలములనుండి బయలుదేరి, ఆళ్ళగడ్డ మీదుగ తూర్పునకు తిరిగి అహోబిలము కొండలకు చేరువరకు మొక్కల రక్షణలో ఎన్ని విధములు కనబడును!

పొలములో జొన్న, శనగ, ప్రత్తి. ఇవి ఒక్క పంటకాలములో పుట్టి, పెరిగి, గింజనిచ్చి ముగియును. కొండపై టేకు, సండ్ర, ఎర్రచందనము. ఇవి దశాబ్దములు నిలుచును. వాలులలో రేగు పొదలు, బాటప్రక్కల జిల్లేడు. ప్రతిదియు తన బ్రదుకునకు తగినట్లు కాపు కాచుకొనుచున్నది.

టేకు చెట్టునే చూడుడు. వానలు పడిన పిమ్మట టేకు ఆకులను పురుగులు తిని ఈనెలు మాత్రమే మిగిల్చి, చెట్టును జల్లెడవలె చేయుట అడవిలో పరిచితమైన దృశ్యము. ఇది చిన్న నష్టము కాదు. కేరళలోని నిలంబూరు టేకు తోటలలో ఆకుతిను పురుగునుండి చెట్లను కాపాడి చూడగ, ఆ పురుగువలన పెరుగవలసిన కలపలో నూటికి 44 వంతులు నష్టమగుచున్నట్లు తేలినది. ఇట్టి టేకు చెట్టు కలపను మాత్రము చెదలు ముట్టుటకు జంకును. దాని చేవలోని క్వినోను జాతి పదార్థములే అందులకు కారణము. ఒకే చెట్టు ఆకును పురుగుకు వదలినది, చేవను మాత్రము గట్టిగ కాపాడుకొన్నది. ఏల? ఆకు కొద్ది నెలల వస్తువు. ఎండకాలమున ఎట్లును రాలిపోవును. పోయినచో మరల చిగుర్చవచ్చును. కాండము దశాబ్దముల పెట్టుబడి. పోయినచో చెట్టే పోయినది. ఉష్ణమండలపు చెట్టు గనుక టేకునకు రక్షణ ఎక్కువా, తక్కువా అని అడిగినచో సమాధానము లేదు. ఏ భాగమునకు అని అడిగినచో వెంటనే సమాధానమున్నది.

ఎర్రచందనమును ఇట్లే చూడవచ్చును. తూర్పు కనుమల దక్షిణ భాగమున మాత్రమే సహజముగ పెరుగు ఈ చెట్టు, రాతినేలలో మెల్లగ పెరుగును. దాని ఎర్రని చేవ చెదలకు లొంగదు. చెదలనుండి కాపాడిన ఆ చేవయే గొడ్డలిని పిలిచినది. మొక్కల రక్షణ ఎప్పుడును ఎవరో కొందరు శత్రువులపైననే పనిచేయును, అందరిపైన కాదు.

జీవన విధానపు సిద్ధాంతము

ఈ విషయములను వివరించుటకు రెండు ప్రసిద్ధ సిద్ధాంతములు గలవు. 1976లో పాల్ ఫీనీ ఒకటి ప్రతిపాదించెను. పెద్దవై, చిరకాలము నిలిచి, పురుగులకు సులభముగ కనబడు చెట్లు టానిన్లవంటి, జీర్ణమును మందగింపజేయు పదార్థములను పెద్ద మొత్తమున నింపుకొనును. చిన్నవై, కొద్దికాలము మాత్రమే ఉండి, పురుగు కంటబడక తప్పించుకొనగల మొక్కలు కొద్దిపాటి తీక్ష్ణమైన విషముతో సరిపెట్టుకొనును. జొన్న ఇందుకు తగిన ఉదాహరణమే.

1985లో కోలీ, బ్రయంట్, చాపిన్ అనువారు రెండవదానిని చెప్పిరి. నేల సారము, వెలుతురు తక్కువగ నున్నచోట మెల్లగ పెరుగు మొక్కకు ఒక ఆకు పోయినచో తిరిగి సంపాదించుట కష్టము. కనుక అది రక్షణపై ఎక్కువ వ్యయము చేయును. సమృద్ధిగల చోట వేగముగ పెరుగు మొక్క రక్షణకు ఖర్చుపెట్టక పెరుగుదలకే పెట్టును. కోలీ అంతకు ముందే, 1983లో, పనామాలోని బారో కొలరాడో ద్వీపమున 46 జాతుల చెట్లను పరిశీలించి, వేగముగ పెరుగు చెట్ల ముదురాకులు మెల్లగ పెరుగు చెట్ల ఆకులకంటె ఆరు రెట్లు వేగముగ తినబడుచున్నట్లు చూపియుండెను. ఆకును కాపాడు లక్షణములలో మిన్న విషము కాదు, బిరుసుదనమని కూడ తేలినది.

ఈ రెండవ సిద్ధాంతము అక్షాంశ సిద్ధాంతముకంటె బలమైనది. అది పటమునుగాక మొక్క ఆదాయవ్యయములను చూచుచున్నది. అయినను దీనిని మాత్రము విమర్శింపకుండ విడువరాదు.

వేపను తీసికొనుడు. పెద్ద చెట్టు, చిరకాలము నిలుచునది, అందరికి కనబడునది. ఫీనీ లెక్కన అది టానిన్లతో సరిపెట్టుకొనవలెను. కాని దాని ప్రసిద్ధికి కారణము అజాడిరాక్టిన్ అను అతి తీక్ష్ణమైన పదార్థము. 1959లో సూడానులో మిడుతల దండు దిగినప్పుడు పచ్చదనమంతయు పోయి వేపచెట్లు మాత్రము నిలుచుటను ష్ముటరర్ చూచెను. 1960లలో ఢిల్లీలో వేపగింజల ద్రావణము చల్లిన పైరును మిడుతలు ముట్టకపోవుట పరీక్షలలో తేలినది. 1968లో ఆ పదార్థమును బటర్‌వర్త్, మోర్గన్ వేరుచేసిరి. అట్టి వేపయు సర్వరక్షితము కాదు. 2021లో తెలంగాణ, ఆంధ్రప్రదేశములలో వేపచెట్ల కొమ్మలు ఎండిపోయినవి. ఒక శిలీంధ్రము, రసము పీల్చు ఒక నల్లి జాతి పురుగు అందులకు కారణములని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. నమలు మిడుతపై పనిచేసిన ఆయుధము ఈ శత్రువులను ఆపలేదు.

జిల్లేడు కూడ అంతే. దాని పాలకు భయపడి మేకయు తప్పుకొనును. కాని ఒక జాతి సీతాకోకచిలుక గొంగళి జిల్లేడు ఆకుపైననే పెరిగి, ఆ విషమును తన శరీరములో దాచుకొని, తనను తినవచ్చు పక్షులకు దానినే ఆయుధముగ చూపును.

వయస్సు విషయములోను ఒకే సూత్రము లేదు. జొన్నలో లేత మొక్క విషము, ముదురు మొక్క మేత. ఇంగ్లండులోని ఓక్ చెట్లలో దీనికి విరుద్ధము. వసంతమున మెత్తని చిగురును గొంగళులు కసిగ తినును. వేసవి వచ్చునప్పటికి ఆకు బిరుసెక్కి, టానిన్లు నిండి, తినుటకు పనికిరాదు. 1970లో ఫీనీ దీనిని నిరూపించెను. లేతది కాపు లేనిది, ముదురుది కాపు గలది అని వ్రాసికొన్న విద్యార్థి జొన్నచేనివద్ద తప్పును. లేతదే విషము అని వ్రాసికొన్నవాడు ఓక్ వద్ద తప్పును.

ముండ్ల విషయమును ఇట్లే ఆలోచింపవలెను. రేగు కొమ్మపై ముండ్లు జంటలుగ నుండును; ఒకటి తిన్ననిది, ఒకటి వంకరది. వీని పొడవు జాతినిబట్టియే నిర్ణయమైనదని తలచుట సహజము. కెన్యాలో ఒక జాతి తుమ్మ చెట్లచుట్టు కంచె వేసి, పెద్ద జంతువులు చేరకుండ చేసి చూడగ, తరువాత వచ్చిన ముండ్లు పొట్టివైనవని 1998లో యంగ్, ఓకెల్లో తెలిపిరి. తినువారు లేనప్పుడు మొక్క కత్తిని పదును పెట్టుట మానివేసినది. అనగా రక్షణ పుట్టుకతో వచ్చిన ఆస్తి మాత్రమే కాదు. అవసరమునుబట్టి పెరుగుచు తరుగుచుండు ఖర్చు కూడ.

పొలములో ఈ చర్చకు గల విలువ

ఇది పండితుల వాదము మాత్రమే అయినచో ఇంత శ్రమ అక్కరలేదు. కాని నంద్యాల పొలములలో ఈ ప్రశ్నకు తప్పు సమాధానము చెప్పినచో నష్టము పశువు రూపమునను, పంట రూపమునను వచ్చును.

జొన్నలోని విషమునకు ధుర్రిన్ అని పేరు. 1902లో డన్‌స్టన్, హెన్రీ దీనిని గుర్తించిరి. జొన్నకు అరబ్బీ భాషలోగల పేరునుండి ఈ పేరు వచ్చినది. ఇది తనంత తాను సయనైడు కాదు. ఆకులోని ఒక రకపు కణములలో ధుర్రిన్, వేరొక రకపు కణములలో దానిని విడగొట్టు ఎంజైము విడివిడిగ నుండును. పసుపు, సున్నము వేరువేరుగ నున్నంతవరకు ఎరుపు లేదు. రెండును కలిసినచో పారాణి. అట్లే పశువు ఆకును నమలినప్పుడు రెండును కలిసి హైడ్రోసయనిక్ ఆమ్లము పుట్టును. అది రక్తములోని ప్రాణవాయువును శరీర కణములు వాడుకొనకుండ చేయును. మొలకెత్తిన కొద్ది దినములలో మొలక కొనయందు ధుర్రిన్ ఎండు బరువులో నూటికి 30 వంతుల వరకు ఉండవచ్చును. మొక్క పెరిగిన కొలది ఈ పాలు తగ్గును. వానలు లేక పైరు వాడినప్పుడు, నత్రజని ఎరువు ఎక్కువైనప్పుడు, కోసిన మోడు మరల చిగిర్చినప్పుడు విషము హెచ్చును.

కరవు ఏటి సంగతి ఆలోచింపుడు. మేత కరవై పశువు ఆకలితో నుండునది అప్పుడే. జొన్న ఎదగక గిడసబారి, విషము పెంచుకొని నిలుచునది కూడ అప్పుడే. ఈ రెండును ఒకేసారి కలియుటయే నాము ప్రమాదమునకు మూలము. పూతకు రాని జొన్నలోనికి పశువులను విడువకుండుట, వాడిన పైరును, పిలకలను మేపకుండుట, చొప్పను బాగుగ ఎండబెట్టి వేయుట మేలైన జాగ్రత్తలు. పశువు పడిపోయినచో సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు మందులను సూదిద్వారా ఎక్కించుటకు పశువైద్యుని తక్షణమే పిలువవలెను. ఇందులో ఒక్క మాటయు అక్షాంశమునుబట్టి చెప్పినది కాదు. అన్నియు మొక్క వయస్సు, నీరు, నేలనుబట్టి చెప్పినవే.

1906లో స్థాపింపబడిన నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానము జొన్న, ప్రత్తి పంటలలో కృషికి పేరుపొందినది. ప్రత్తి కథ కూడ ఇక్కడ చెప్పదగినది. ప్రత్తి ఆకులపై, గింజలలో కనబడు నల్లని చుక్కలు గాసిపాల్ అను విషమునకు గ్రంథులు. ఈ విషమువలన ప్రత్తిగింజల పిండి మనుష్యులకు ఆహారముగ పనికిరాదు. 1950ల చివర అమెరికాలో మాక్‌మైకేల్ గ్రంథులు లేని ప్రత్తిని రూపొందించెను. ఫలితమేమి? అంతవరకు ప్రత్తి జోలికి రాని పురుగులు కూడ దానిని తినుటకు వచ్చినవి. ఆ ప్రత్తి సాగులో నిలువలేదు. 2006లో టెక్సాసులో కీర్తి రాథోర్, ఆయన సహచరులు వేరొక మార్గము చూపిరి. గాసిపాల్‌ను గింజలో మాత్రమే అణచి, ఆకులలోను, కాయలలోను ఉండనిచ్చిరి. 2018లో అమెరికా వ్యవసాయ శాఖ ఆ ప్రత్తిపై నిర్బంధములను తొలగించినది. మొదటి ప్రయత్నము 'ఎంత?' అని మాత్రమే అడిగి ఓడినది. రెండవది 'ఎక్కడ?' అని అడిగి గెలిచినది.

ప్రత్తి ఆకు నూగు మరియొక పాఠము. నూగు దట్టముగ నున్న రకములను పచ్చదోమ అంతగ బాధింపదు. కాని నూగుగల ఆకుపై తెల్లదోమ చేరుట ఎక్కువ. కాయతొలుచు పురుగు గ్రుడ్లు పెట్టుటయు ఎక్కువ. ఒకరికి వేసిన తలుపు మరొకరికి వాకిలి అయినది. శనగలో ఆకులపై పులుపు ఊరుట రైతులందరు ఎరిగినదే. ఆ పులుపులోని ఆక్జాలిక్ ఆమ్లము శనగపచ్చపురుగు పెరుగుదలను మందగింపజేయునని 1995లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అయినను పచ్చపురుగు శనగను వదలిపెట్టినది లేదు. ఆ ఆమ్లము ఎక్కువగనున్న రకములలో దాని పెరుగుదల తగ్గినదంతే.

ఉపాధ్యాయులు చేయదగినది

అక్షాంశ సిద్ధాంతమును పాఠమునుండి తొలగింపవలెనని చెప్పుట ఈ విమర్శ ఉద్దేశము కాదు. ఒక సిద్ధాంతము ఎట్లు పుట్టినది, ఏ అంకెలపై నిలిచినది, ఏ కొలతవలన కదలినది అను క్రమమును విద్యార్థికి చూపుటకు ఇంతకంటె మంచి కథ దొరకదు. తొలగింపవలసినది దానిని తీర్పుగ చెప్పు అలవాటు మాత్రమే.

దీనికి ప్రయోగశాల అక్కరలేదు. నంద్యాలలోని పాఠశాల తోటలోను, ఆళ్ళగడ్డ సమీపపు పొలముగట్లపైనను ఒకే జాతి చెట్టును, ఉదాహరణకు కానుగనో, రేగునో ఎన్నుకొనవలెను. ఒక్కొక్క చెట్టునుండి ఎంపిక చేయక, వరుసగ వచ్చిన 20 లేతాకులు, 20 ముదురాకులు తీసికొని, గళ్ల కాగితముపై పరచి, చుట్టు గీత గీసి, మొత్తము గళ్లెన్ని, తినబడినవి ఎన్ని అని లెక్కింపవలెను. రేగుపై మేకకు అందు ఎత్తులోని ముండ్లను, అందని ఎత్తులోని ముండ్లను కొలబద్దతో కొలిచి సగటు తీయవలెను. విద్యార్థులు ఏ ఆకును నోట పెట్టుకొనరాదు; జిల్లేడు పాలు కంటబడకుండ చూడవలెను. రెండు ఊళ్లనుండి వచ్చిన లెక్కలను ఒకచోట చేర్చి చూచినప్పుడు, ఊరికిని ఊరికిని నడుమ భేదమెక్కువా, ఒకే చెట్టుపై లేతాకునకును ముదురాకునకును నడుమ భేదమెక్కువా అను ప్రశ్నకు సమాధానము విద్యార్థి చేతిలోనే యుండును. అది గ్రంథములో చెప్పినదానికి విరుద్ధముగ వచ్చినను దిద్దరాదు. ఏల వచ్చినదో విచారింపవలెను.

మొక్కకు కాళ్లు లేవు. తినవచ్చినదానినుండి పారిపోలేదు. తనకున్న కొద్దిపాటి ఆదాయములో ఎంత పెరుగుదలకు, ఎంత కాపునకు అని ప్రతి దినము పంచుకొనవలసినదే. ఆ పంపకము పటమును చూచి జరుగుట లేదు. ఏ భాగము, ఏ వయస్సు, ఏ నేల, ఎవరినుండి అను నాలుగు ప్రశ్నలను బట్టి జరుగుచున్నది. జొన్నచేనిగట్టున పశువును పలుపుతో నిలిపి, పూత వచ్చినదా అని చూచు రైతు ఈ నాలుగింటిలో ఒకదానిని అడుగుచునే యున్నాడు. మిగిలిన మూడింటిని పాఠశాల నేర్పవలెను.